ప్రామాణిక ఉదరం

చూడామణి కడుపు పెంకిది కాదు. బియ్యం పెడితే బియ్యం, జొన్నలు పెడితే జొన్నలు, ఏమీ పెట్టకపోతే మంచినీళ్లు, దేనితోనైనా సర్దుకుపోయేది. దానికి పడనిది ఒక్క గోధుమే. గోధుమ ఏ వేషంలో లోపలికి పోయినా, చపాతీ కానీ, ఉప్మా కానీ, సేమ్యా కానీ, ఆఖరికి బజారు ఇంగువలో కలిపిన చిటికెడు పిండి కానీ, రెండు మూడు గంటల్లో పొట్ట కాచిన డప్పులా బిగిసిపోయేది. పదేళ్ల పాటు కొందరు వాయువన్నారు, కొందరు వయసన్నారు, దిష్టి తీసిన వాళ్లు కూడా ఉన్నారు. చివరికి గుంటూరులో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, దాని పేరు సీలియాక్ అని చెప్పాడు.

"గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుందమ్మా. అది మీ పేగుకు పడదు. దీనికి మందు లేదు, మానెయ్యడమే మందు. కొంచెమే కదా అని కూడా తినకూడదు," అన్నాడు.

మానేసింది. బతుకు తేలికపడింది. అందులో సగం పుణ్యం ఖాదర్‌బీది.

ఇద్దరూ జిల్లా కొలబద్దల ధ్రువీకరణ కార్యాలయంలో పనిచేసేవారు. బట్టల కొట్ల మీటరు బద్దలు, దర్జీల టేపులు ఏడాదికోసారి అక్కడికి వచ్చి, సరిచూపించుకుని, ముద్ర వేయించుకుని పోవాలి. ఖాదర్‌బీ టేపు సాగదీసి పట్టుకుంటే చూడామణి ముద్ర వేసేది. ఇరవై ఆరేళ్లుగా వాళ్లది ఒకే బల్ల, ఒకే క్యారియరు. డాక్టరు చెప్పిన సంగతి విన్న రోజే ఖాదర్‌బీ ఇంట్లో ఇంగువ డబ్బా పారేసి, జొన్నరొట్టెలకు విడిగా ఒక పీట కొనుక్కొచ్చింది.

"చారు చప్పగుందని మా ఇంట్లో నాలుగు రోజులు గోల చేశారు. ఐదో రోజు నోళ్లు నొప్పి పుట్టి ఊరుకున్నారు," అని చెప్పేది.

ఖాదర్‌బీ రిటైరు కావడానికి ఇంకా అరవై రెండు రోజులుంది. ఆ తర్వాత కడపలో కూతురి దగ్గరికి వెళ్లిపోతుంది. చూడామణి ఈ లెక్క ఎవరికీ చెప్పదు కానీ, పొద్దున లేవగానే మనసులో ఒకటి తగ్గించుకుంటుంది. తండ్రి, భర్త, చెల్లెలు, అందరూ చెప్పకుండా వెళ్లిపోయిన వాళ్లే. తేదీ ముందుగా చెప్పి వెళుతున్న మనిషి ఖాదర్‌బీ ఒక్కతే. ఆ తేదీ వచ్చేదాకా మధ్యలో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదని ఆమె పట్టుదల.

సరిగ్గా అప్పుడే పై కార్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. సహాయ నియంత్రణాధికారి పరాంకుశరావు గారు సిబ్బందిని నిలబెట్టి, తాను కూర్చుని చదివారు.

"ఉద్యోగుల ఉదరములు కార్యాలయ గౌరవమునకు మించి పెరుగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇందుకు అన్నమే కారణమని నిర్ణయించడమైనది. కావున నేటి నుండి ఉదర నియంత్రణోద్యమము అమలులోకి వచ్చును. మధ్యాహ్నం ఒంటిగంటకు సిబ్బంది యావన్మందీ సామూహికముగా నాలుగేసి పుల్కాలు భుజించవలెను. మూడున్నరకు ఉదరము కొలవబడును. ముప్పై నాలుగు అంగుళములు దాటినచో అదనముగా రెండు పుల్కాలు. వరుసగా మూడు దినములు దాటినచో సదరు ఉద్యోగి ఉదర సంస్కరణ శిబిరమునకు తొంబై దినములు పంపబడును."

"ఆ శిబిరం ఎక్కడండీ?" చూడామణి అడిగింది.

"ఒడిశా సరిహద్దున. గాలి మంచిది."

చూడామణి మనసులో లెక్క తలకిందులైంది. తొంబైలో అరవై రెండు మునిగిపోతుంది, ఇంకా ఇరవై ఎనిమిది మిగులుతుంది. తాను తిరిగొచ్చేసరికి ఖాదర్‌బీ కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు.

"అధికారుల పొట్టలు కూడా కొలుస్తారాండీ?" ఖాదర్‌బీ అడిగింది. పరాంకుశరావు గారి బెల్టు పొట్ట కింద ఎక్కడో అజ్ఞాతవాసంలో ఉండేది.

"అధికారుల ఉదరములు రహస్య పత్రముల కిందికి వచ్చును," అన్నారాయన.

చూడామణి డాక్టరు చీటీ తీసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన చీటీని ఒకసారి తిప్పి చూశారు, తర్వాత సర్క్యులరు చివర ఉన్న మినహాయింపుల జాబితా చూశారు.

"దంతములు లేనివారు ఉన్నారు. ఉపవాస దీక్షాపరులు ఉన్నారు. తమరి వ్యాధి లేదు."

"జాబితాలో లేకపోతే ఏందండీ, నాకుంది కదండీ."

"తమరికి ఉండవచ్చును. కార్యాలయమునకు లేదు. అయినను నేను కఠినుడను కాను. గోధుమ తిన్నచో ఉదరము ఉబ్బునని రుజువు చేసినచో పైకి రాసెదను."

"రుజువంటే ఎట్టా చెయ్యాలండీ?"

"తినవలెను."

"తింటే ఉబ్బుద్దండీ."

"ఉబ్బినచో పరిమితి దాటినట్లు. శిబిరమునకు పోవలెను."

"ఉబ్బకపోతే?"

"వ్యాధి లేనట్లు. పుల్కాలు తినవలెను." ఆయన చీటీని మడిచి, రెండు చేతులతో మర్యాదగా తిరిగి ఇచ్చారు. "రెండు మార్గములు తెరచియే ఉన్నవి."

మొదటి రోజు చూడామణి ఖాదర్‌బీ చేసిన జొన్నరొట్టెలను పుల్కాల కింద దాచుకుని అవే తిన్నది. ఎవరూ పట్టుకోలేదు. కానీ పుల్కాల మీద చల్లిన పొడిపిండి రొట్టెలకు అంటిందని ఇద్దరికీ తట్టలేదు. పదిన్నరకు హాజరు వేసేటప్పుడు ముప్పై ఒకటి ఉన్న పొట్ట మూడున్నరకు ముప్పై ఏడైంది. బీరువా చాటున టేపు పట్టిన ఖాదర్‌బీ అంకె చూసి, టేపు సర్ది మళ్లీ చూసింది.

"ముప్పై ఏడు," అన్నది చివరికి. అబద్ధం చెప్పుదామంటే ఎదురుగా పరీక్షకుడు తిరుపాలు కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని నిలబడ్డాడు.

"అదనముగా రెండు పుల్కాలు," అన్నారు పరాంకుశరావు గారు.

రెండో రోజు ఆ ఆరూ ఆయన ఎదురుగానే తినవలసి వచ్చింది. ముప్పై ఎనిమిదిన్నర. సాయంత్రం చూడామణి లంగా బొందు వదులు చేసుకుని, గోడ పట్టుకుని బస్టాండు దాకా నడిచింది. ఖాదర్‌బీ పక్కనే నడుస్తూ, "మెల్లగా నడువు. నడిస్తేనే గాలి కదిలేది. గోరువెచ్చని నీళ్లు గుక్క గుక్క తాగు, గటగటా తాగబాక. రేపు నేను బిర్రుగా పట్టి నాలుగంగుళాలు మింగేస్తాలే," అన్నది.

"తిరుపాలు చూస్తాడు బీబక్కా."

"ఆ మనిషి పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు ఎత్తు కూడా టేపు పెట్టి చూశాడంట. అందుకే ఇంకా వంట తనే చేసుకుంటన్నాడు."

మూడో రోజు. మళ్లీ ఆరు పుల్కాలు. పొద్దున ముప్పై ఒకటి, మధ్యాహ్నం ముప్పై ఏడుంబావు. ఖాదర్‌బీ బిర్రుగా పట్టినా దానికి తగ్గలేదు. పరాంకుశరావు గారు శిబిరం కాగితం మీద సంతకం పెట్టడానికి కలం మూత తీశారు.

అప్పుడు తిరుపాలు దగ్గాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అతను దగ్గడం అదే మొదటిసారి కావడంతో అందరూ అటు తిరిగారు.

"చిత్తం, ఒక మనవి. ఇది సాధ్యం కాదండీ."

"ఏది సాధ్యము కాదు?"

"ఒక వస్తువు ఐదు గంటల్లో ఆరుంబావు అంగుళాలు మారడం. నియమావళి మొదటి పేజీ మొదటి వాక్యం: ఒకే వస్తువు రెండు మార్లు కొలిచినప్పుడు రెండు కొలతలు వచ్చినచో దోషము వస్తువుది కాదు, సాధనముది. ఈ టేపు చెడిందండీ."

"వస్తువు అనగా చూడామణి గారా?"

"కొలవబడినది ఏదైనా వస్తువేనండీ."

పరాంకుశరావు గారు కలానికి మూత పెట్టారు. ఆ ఆఫీసులో ఏ దేవుడి మాటైనా దాటవచ్చు కానీ నియమావళి మొదటి పేజీ దాటడానికి వీల్లేదు. టేపును రద్దు చేశారు. చెడిన టేపుతో తీసిన మూడు రోజుల కొలతలూ రద్దయ్యాయి. చూడామణి బతికింది, కానీ మర్నాటి నుంచి లెక్క మళ్లీ మొదలైంది.

మర్నాడు రెండో టేపు. అదీ ఆరంగుళాలు తప్పు చెప్పింది. దాన్నీ రద్దు చేశారు. ఐదు రోజుల్లో ఆఫీసులో ఉన్న తొమ్మిది టేపులూ రద్దయ్యాయి. ఆ టేపులతో సరిచూసి ముద్ర వేసిన ఊరి టేపుల గతి ఏమిటని తిరుపాలు ప్రశ్న లేవదీశాడు. తల్లి చెడితే పిల్లలు మంచివెలా అవుతాయి? ఊళ్లో దర్జీల టేపులన్నీ స్వాధీనం చేసుకున్నారు. దర్జీలు జానలతోనూ, మూరలతోనూ, మంచి వాళ్లయితే చూపుతోనూ రవికలు కుట్టసాగారు. ఆ వారం జరిగిన పెళ్లిళ్లలో ఊపిరి పీల్చగలిగిన పెళ్లికూతురు లేదని చెప్పుకున్నారు. ఒక పెళ్లికొడుకు కోటులో తోడల్లుడు కూడా పట్టాడట.

దర్జీల సంఘం పెద్ద పిచ్చిగుంట్ల వెంకటస్వామి పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అయ్యా, అన్ని టేపులూ తప్పే అంటే ఒప్పుది ఏదో ఒకటి చూపించండయ్యా. దాన్ని బట్టి మేము బతుకుతాం."

ఆ మాట పరాంకుశరావు గారిని పట్టుకుంది. రెండు రోజులు ఆయన తలుపు వేసుకుని ఆలోచించారు. మూడో రోజు పైకి రాశారు: కార్యాలయమున ఉన్న సాధనములన్నియు దోషపూరితములని తేలినందున, దోషము లేనిదని నియమావళిచే హామీ ఇవ్వబడిన ఏకైక పదార్థము సదరు చూడామణి గారి ఉదరమే అయి ఉన్నది.

వారంలో జవాబు వచ్చింది. చూడామణి ఉదరాన్ని ప్రాథమిక ప్రమాణంగా గుర్తించారు. దాని విలువ ముప్పై ఒక్క అంగుళాలు. దానితో పాటే పరిరక్షణ నిబంధనలు వచ్చాయి. ప్రమాణాన్ని కుదపరాదు, అందుచేత బదిలీ గానీ శిబిరం గానీ కూడదు. ఎండ తగలనియ్యరాదు. పరిమాణంలో మార్పు తెచ్చే పుల్కా, చపాతీ, పూరీ దాని దరిదాపులకు తేరాదు.

"చూశారా," అన్నారు పరాంకుశరావు గారు, "తమరి విజ్ఞప్తిని నేను ఎంత సానుభూతితో పరిశీలించితినో."

అలా చూడామణికి అన్నం తిరిగొచ్చింది. ఆమెను ఒక అరుగు మీద ఫ్యాను కింద కూర్చోబెట్టారు. పది నుంచి ఒంటిగంట దాకా దర్జీలు వరసకట్టి టేపులు తెచ్చేవారు. ఖాదర్‌బీ ఒక్కొక్క టేపునూ చీర మీదుగా ఆమె నడుముకు చుట్టి, ముప్పై ఒకటి దగ్గర కలిస్తే ముద్ర వేసేది. కలవకపోతే వెంకటస్వామి, "అమ్మా, ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టండమ్మా, పిల్లలు గలవాణ్ణి," అని బతిమాలేవాడు.

ఒంటిగంటకు ఇద్దరూ క్యారియరు విప్పుకునేవారు. జొన్నన్నం, గోంగూర, ఇంగువ లేని చారు. చూడామణి నిదానంగా నమిలి, కొంచెం కొంచెంగా తినేది. తిన్నాక వరండాలో ఇరవై అడుగులు ఖాదర్‌బీ చెయ్యి పట్టుకుని నడిచేది, కుదుపు లేకుండా నడిపించాలని నిబంధన ఉంది కాబట్టి. పొట్ట ముప్పై ఒకటి దగ్గరే పిల్లిలా పడుకుంది. ఖాదర్‌బీ రిటైర్మెంటుకు ఇంకా నలభై రోజులుంది. తన జీవితంలో ఆఫీసు తనకు మేలు చేయడం ఇదే మొదటిసారి అనుకుంది చూడామణి. అనుకున్న వెంటనే భయపడింది. ఆమెకు మంచి జరిగినప్పుడల్లా వెనకాల ఎవరో పెట్టె సర్దుకుంటున్న చప్పుడు వినపడేది.

వినపడినట్టే అయింది. రెండో ఉత్తర్వు వచ్చింది.

ప్రాథమిక ప్రమాణం ఉన్నప్పుడు దానికి నకలు ప్రమాణం ఉండాలి. ఇరవై ఆరేళ్లు ఒకే క్యారియరులో తిన్న మనిషి కన్నా దగ్గరి నకలు ఎక్కడ దొరుకుతుందని పరాంకుశరావు గారు ఖాదర్‌బీని కొలిపించారు. ముప్పై ఒకటి. ఆయన కళ్లు చెమర్చాయి.

"శాస్త్రము ఎంత అందమైనది," అన్నారు.

"అయితే నేను కూడా అరుగెక్కి కూర్చోవచ్చాండీ? నా మోకాళ్లకు మంచిదే," అన్నది ఖాదర్‌బీ.

"కూర్చోవచ్చును. ఇచ్చట కాదు. అసలు, నకలు ఒకే కప్పు కింద ఉండరాదు. అగ్ని ప్రమాదము జరిగినచో రెండును పోవును. తమరిని ఒడిశా సరిహద్దున ఉన్న మన శాఖకు తరలించుచున్నాము. ఎల్లుండి ప్రాంతీయ సంచాలకుల వారు స్వయముగా విచ్చేసి అసలును కొలిచి ధ్రువీకరించెదరు. వెంటనే నకలు బయలుదేరును. నిలువుగా, కుదుపులు లేకుండా."

"నాకు ఇంకా నలభై రోజులే ఉందండీ."

"తమరికి. ప్రమాణమునకు కాలపరిమితి లేదు."

ఆ సాయంత్రం ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. బస్సు ఎక్కబోతూ ఖాదర్‌బీ, "పోనీలేమ్మే. ఎట్టాగూ పొయ్యేదాన్నే కదా," అన్నది. బస్సు కదిలేదాకా చూడామణి అక్కడే నిలబడింది. అంతకుముందు పోయినవాళ్లెవరూ ఆమెకు ఆ మాటైనా చెప్పి పోలేదు.

సంచాలకుల వారు పదకొండు గంటలకు వస్తామన్నారు. పదిన్నరకే షామియానా, కుర్చీలు, అరుగుకు బంతిపూలు సిద్ధమయ్యాయి. ఖాదర్‌బీ పెట్టె గుమ్మం పక్కన ఉంది, మీద 'జాగ్రత్త' అని చీటీ అంటించి. పదకొండుకు సంచాలకుల వారు బయలుదేరుతున్నామని ఫోను చేశారు. కేసరి చల్లారిపోతుందని పంచేయమన్నారు పరాంకుశరావు గారు.

దొన్నెలో కేసరి చూడామణి ముందుకు వచ్చింది. నెయ్యి మెరుస్తోంది. పైన ఒక జీడిపప్పు.

"అది బొంబాయి రవ్వ. గోధుమే," అన్నది ఖాదర్‌బీ పక్కనుంచి.

"తెలుసు."

తిరుపాలు పరాంకుశరావు గారి వైపు చూశాడు. ఆయన పరిరక్షణ నిబంధనలు తీసి చదివారు. "పుల్కా, చపాతీ, పూరీ. కేసరి జాబితాలో లేదు. స్వీకరించవచ్చును. శుభకార్యము కదా."

చూడామణి చెంచా తీసుకుంది.

"ఏమ్మే, నీకు మతిపోయిందా? ఇది తింటే మూడు రోజులు నువ్వు మనిషివి కావు," ఖాదర్‌బీ గొంతు తగ్గించి అన్నది. "డాక్టరు ఏం చెప్పినాడు?"

"కొంచెమే కదా అని తినొద్దన్నాడు," అని, చూడామణి ఆ దొన్నె ఖాళీ చేసి, ఇంకొకటి అడిగి తీసుకుంది.

అప్పటికి ఖాదర్‌బీకి అర్థమైంది. నీళ్ల గ్లాసు అందించింది.

పన్నెండైంది. సంచాలకుల వారు దారిలో ఉన్నామన్నారు. చూడామణి చీర కుచ్చిళ్ల మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. చదునుగా ఉంది. పదేళ్లు వద్దని మొక్కుకున్నా, మందులు మింగినా, చుట్టమై వచ్చి కూర్చున్న ఉబ్బరం ఇవాళ పిలిచి కేసరి పెట్టినా రావడం లేదు. పన్నెండున్నరకు, ఆయన ఈ క్షణంలో వచ్చేస్తే ఎలా అని ఆమెకు చెమటలు పట్టాయి. ఇన్ని రోజులూ జాగ్రత్తగా తిని పేగును బాగుచేసుకోవడమే తప్పైపోయిందేమోనని కూడా తోచింది.

దేవుడి దయవల్ల సంచాలకుల వారు పెద్ద అధికారి. ఒంటిగంటకు దారిలో భోజనానికి ఆగారు. ఒంటిగంటన్నరకు చూడామణి కడుపులో ఎక్కడో దూరంగా బండి కదిలిన చప్పుడైంది. రెండింటికి లంగా బొందు ఒరుసుకోవడం మొదలుపెట్టింది. రెండున్నరకు నడుమంతా ఇనప పట్టీ బిగించినట్టుంది, కళ్ల ముందు బంతిపూలు ఊగుతున్నాయి. ఆమె వెన్ను నిటారుగా పెట్టి, పళ్లు బిగించి కూర్చుంది. అంత నొప్పిలోనూ ఆమె ముఖం చూసి, ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూడండని పరాంకుశరావు గారు సిబ్బందికి చూపించారు.

మూడింటికి సంచాలకుల వారు దిగారు. వెంట పట్టుగుడ్డలో చుట్టిన ఉక్కు టేపు, ప్రధాన కార్యాలయపు సీలుతో. బీరువా చాటున ఖాదర్‌బీ చుట్టింది. చివర్లు కలిసిన చోట ఆమె బొటనవేలు అదిమి పట్టుకుంటే తిరుపాలు వంగి చదివాడు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ చదివాడు.

"ముప్పై ఏడున్నర."

షామియానా కింద అందరి తలలూ పరాంకుశరావు గారి వైపు తిరిగాయి.

"టేపు తప్పయి ఉండును," అన్నారు పరాంకుశరావు గారు మెల్లగా.

"ప్రధాన కార్యాలయపు టేపు?" అన్నారు సంచాలకుల వారు. అది ప్రశ్న కాదు. ఆ టేపు తప్పయ్యే అవకాశానికి నియమావళిలో ఏ పేజీలోనూ చోటు లేదు. సంచాలకుల వారు చూడామణిని ఆపాదమస్తకం పరికించి తీర్పు చెప్పారు. "ప్రమాణమే ఆరున్నర అంగుళములు దోషభూయిష్టమై ఉన్నది. రద్దు చేయడమైనది. దీనిని అనుసరించి ముద్ర వేసిన టేపులు రద్దు. దీనిని ఆధారము చేసుకొని నియమించిన నకలు, దాని తరలింపు రద్దు. ఈ కార్యాలయమున ఇంతవరకు కొలిచిన ఉదరములన్నియు కొలవనట్లే. ఉద్యమము ఇచ్చట విచారణ ముగియు వరకు నిలుపుదల."

"విచారణ ఎప్పటికి ముగియునండీ?" పరాంకుశరావు గారు అడిగారు.

"విచారణాధికారిని నియమించిన పిమ్మట. నియామకమునకు వేరుగా రాయవలెను." ఆయన లేచి, కేసరి మిగిలిందేమోనని కనుక్కుని, కారెక్కారు.

దర్జీలు బయట గోలగా ఉన్నారు. వెంకటస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మళ్లీ జానలేనా," అంటున్నాడు. తిరుపాలు ప్రమాణాల పట్టీలో చూడామణి పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేశాడు.

వెనక వరండాలో ఖాదర్‌బీ తన పెట్టె మీద చూడామణిని కూర్చోబెట్టి, లంగా బొందు వదులు చేసి, వాము మరిగించిన నీళ్లు పట్టించింది. చూడామణి ముఖం తెల్లగా పాలిపోయింది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"రేపు లేవలేవు. ఎల్లుండీ అంతే," అన్నది ఖాదర్‌బీ. "నేనే మీ ఇంటికి వచ్చి గంజి కాస్తాలే. సెలవు చీటీ రాసిస్తే మన సారు మూలుగుతాడు, మూలగనీ." గ్లాసులో మిగిలిన నీళ్లు మళ్లీ ఆమె నోటికి అందించింది. "ఒసే పిచ్చిదానా, ఇంత నొప్పి పడి నువ్వు సంపాదించింది ముప్పై ఎనిమిది రోజులు. అంతే కదా?"

"ముప్పై ఏడున్నర," అన్నది చూడామణి కళ్లు తెరవకుండానే. "ఇవాళ సగం రోజు ఆ పెద్ద అధికారి కోసం చూడ్డంలోనే పోయింది."